తొట్టి కడిగిన చెయ్యి

నారు పెంచుతుంది కాబట్టి అందరూ ఆమెను నారక్క అంటారు. నారక్కకు శుభ్రత పిచ్చి. ఇరవై రెండేళ్ల కిందట ఆమె పనిచేసే నారు షెడ్డులో నారుకుళ్లు తెగులు పడి వారంలో మొక్కలన్నీ వాలిపోయాయి. తప్పంతా పనివాళ్ల చేతుల మురికిదని తేల్చి ముగ్గురిని గెంటేశారు. మిగిలింది ఆమె ఒక్కతే. అప్పటినుంచి పొద్దున్నే బ్లీచింగ్ పౌడర్ వేసి తొట్లు తోమడం ఆమెకు ముఖం కడుక్కోవడం లాంటిదైపోయింది.

ఈ ఏడు ఎరువు బస్తాలు సగానికి తగ్గిద్దామని యజమానితో పోట్లాడి ఒప్పించిందీ ఆమే. ఆ ఎరువు చల్లి చల్లి చేతులు పుళ్లు పడ్డ ఆడవాళ్లు నలుగురు ఆమె వెనక నిలబడ్డారు. ఎరువుకు బదులు నేలకు మేలు చేసే బాక్టీరియా పొడిని తొట్టిలో గంజినీళ్లతో కలిపి, టమాటా నారు వేళ్లు అరగంట ముంచి నాటాలి. కంటికి కనబడని ఆ జీవులే గాలిలోని నత్రజనిని పట్టి వేళ్లకు అందిస్తాయి.

"అర ఎకరం ఇస్తా," అన్నాడు యజమాని. "పైరు పచ్చబడకపోతే షెడ్డు ఎరువుల కంపెనీకి అప్పగిస్తా. మీరు అయిదుగురూ ఇళ్లకే."

నెల తిరిగేసరికి మళ్లు పాలిపోయాయి. సూపర్‌వైజర్ ఆమె సొంత మరిదే. గట్టు మీద నిలబడి నవ్వాడు.

"ఏం వదినా, నీ పురుగులు సెలవు పెట్టాయా?"

"నోరు మూసుకుని నీ పని చూసుకో."

"నా పనే చూస్తున్నా. మీ సామాన్లు సర్దించే పని."

నెల కిందట పొడి తెచ్చిచ్చిన ల్యాబ్ అమ్మాయి మళ్లీ వచ్చింది. మొక్కలు పీకి వేళ్లు చూసింది. చివరికి తొట్టి వాసన చూసి ఉలిక్కిపడింది.

"ఇందులో బ్లీచింగ్ ఎవరు వేశారండీ? అది తగిలితే బాక్టీరియా బతకదు. కాగితం మీద రాసిచ్చి, చదివి మరీ చెప్పానుగా!"

"ఎవరికి చెప్పావమ్మా?"

అమ్మాయి మరిది వైపు చూసింది.

నారక్క తన చేతుల వైపు చూసుకుంది. ప్రాణం పోయాలనుకున్న చేతులే ప్రాణం తీశాయి. మరి తను తొట్లు తోముతుంటే రోజూ పక్కనే నిలబడి టీ తాగినవాడో?

"తెలిసీ చెప్పలేదేంరా?"

"నన్నడిగావా వదినా? అన్నీ తెలిసినదానివి కదా!"

మన పనిచోట్ల తీరే ఇంత. పెత్తనం చేసే చేతికి కాగితం ఇస్తారు, పనిచేసే చేతికి తొట్టి ఇస్తారు. మాట మధ్యలో చచ్చిపోతే శిక్ష మాత్రం తొట్టి పట్టినవాళ్లకే.

యజమాని వచ్చి తప్పెవరిదన్నాడు. మరిది వదిన వైపు వేలు చూపించాడు.

"తొట్టి కడిగింది నేనే సార్," అంది నారక్క. "కడగొద్దని రాసిన కాగితం మాత్రం నెల నుంచి మీ సూపర్‌వైజర్ జేబులో ఉంది."

యజమాని అతన్ని ఒక్క మాట అనలేదు. "ఇంకో పావు ఎకరం నాటండి. ఈసారి పోతే మాటల్లేవు," అని ఆమెకే చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్త పొడి వచ్చింది. అయిదుగురూ తొట్టి చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"మొదలెట్టరేం?" గద్దించాడు మరిది.

"ముందు కాగితం చదువు."

"నేనేమన్నా మీకు పంతుల్నా?"

"చదవకు. పీకిన నారు నాటకుండా ఎందుకు వాడిపోయిందో సార్‌కి నువ్వే చెప్పుకో."

పళ్లు కొరుకుతూ కాగితం తీసి గబగబా గొణిగాడు.

"వినబడలేదు," అంది నారక్క. "మళ్లీ మొదటినుంచి."