అవ్వకు నిమ్మని చెప్పాం

కామారెడ్డిలో మా వంటగదిలో ఒక ఇనుప గంటె వేరుగా ఉంటుంది. కూరకూ పప్పుకూ దాన్ని వాడను. అందులో కొబ్బరినూనె కాచి, దించాక కర్పూరం నలిపి వేస్తే లేచే ఘాటు గదులన్నీ తిరిగి, వీధి తలుపు దగ్గర చెప్పులు విప్పేవాళ్లకు కూడా ఈ ఇంట్లో ఎవరికో ఛాతీ పట్టేసిందని చెబుతుంది. ఈ ఎండాకాలం సగం దాకా ఆ నూనె మా అవ్వ కోసం కాచాను. అవ్వంటే మా అమ్మే, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నా నలభై ఆరేళ్లలో ఎనిమిదే మిగిలేవి, ఎల్లారెడ్డిలో మా పెంకుటింట్లో గొంగడి కప్పుకుని పడుకుని ఉండేదాన్ని.

ముసురు పట్టిన రోజులు. పెంకులు కారే చోటల్లా గిన్నెలు పెట్టి, ఏ గిన్నె ముందు నిండుతుందో అని నేనూ తమ్ముడు సాయిలూ పందెం వేసుకునేవాళ్లం. పొయ్యిలో మక్క కంకులు చిటపటమంటుంటే, మూలన తడిబట్టలో చుట్టిన తునికాకు వాసన ఇల్లంతా పరుచుకుంటే, అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, గోడకు వీపు ఆనించి బీడీలు చుడుతూ ఉండేది. మా ఇంట్లో రోగాలెన్ని ఉన్నా పేరు మాత్రం ఒక్కటే, నిమ్ము. ఛాతీలో చెమ్మ చేరితే నిమ్మంటారని ఊరందరికీ తెలుసు గానీ, మా అవ్వకు జ్వరమూ నిమ్మే, తలనొప్పీ నిమ్మే, బడి ఎగ్గొట్టడానికి నేను పట్టుకున్న కడుపునొప్పీ నిమ్మే. చేతిలో బీడీ ఆపకుండా చెవి మాత్రం ఇటు వేసి, ఒక్క దగ్గు విని, "నిమ్ము జేసింది" అని తేల్చేసేది. ఇక పెరుగు బంద్, మజ్జిగ బంద్, కుండనీళ్లు బంద్, జామకాయ బంద్, తలస్నానం బంద్. చెవుల్లో దూది, ఛాతీకి కర్పూరం నూనె, తాగడానికి వేడినీళ్లు. ఆమె చెప్పిందంటే పెద్ద కోర్టు తీర్పే, పైన అప్పీలు లేదు.

ఒక ఏడాది బతుకమ్మ ముందర, తంగేడు పువ్వు కోసం, గునుగు కోసం తడిసిన చెల్క పొలాల వెంట తిరిగి నిజంగానే దగ్గు తెచ్చుకున్నాను. ఇంట్లో గడ్డిలో మాగేసిన సీతాఫలాలు కమ్మగా వాసన కొడుతున్నాయి. అవ్వ బీడీలు అప్పజెప్పడానికి పోయిన సందు చూసి రెండు పండ్లు మింగి, గింజలు గొంగడి కింద దాచి, అవి వీపుకు గుచ్చుకుంటున్నా కదలకుండా పడుకున్నాను. అవ్వ వచ్చి గొంగడి దులిపింది. గింజలు గదంతా దొర్లాయి. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. "పానం కన్న పండెక్కువనా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ పండ్లు అయిపోయేదాకా తను ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. పిల్ల పత్యముంటే తల్లి కూడా ఉండాలన్నది ఆమె పెట్టుకున్న నియమం.

అలాంటి మనిషికి పోయిన చలికాలం దగ్గు వచ్చి ఎంతకూ పోలేదు. రెండు నెలలు తన నూనె తనే రాసుకుని, తన పత్యం తనే చేసి, ఇక నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంటే అప్పుడు మాతో హైదరాబాద్ వచ్చింది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లను సూదితో తీసి పరీక్షకు పంపారు. బీడీలు తాగుతుందా అని డాక్టర్ అడిగాడు. ముప్పై ఏళ్లు చుట్టింది గానీ ఒక్కటీ పెదవికి తాకించలేదని చెప్పాను. ఫలితం వచ్చాక నన్నూ సాయిలునూ పిలిచి, ఊపిరితిత్తుల క్యాన్సర్ అనీ, ఎముకలదాకా పోయిందనీ, పూర్తిగా తగ్గేది కాదు గానీ మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తే కొంతకాలం అదుపులో ఉండొచ్చనీ అన్నాడు.

బయట వరండాలో సాయిలు నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, అవ్వకు ఆ పేరు జెప్పద్దు. బాపు పోయినప్పటిసంది ఒక్కతే దైర్నంగ ఉన్నది. నిమ్మని చెప్దం. నీళ్లు తీసిన్రు గద, అబద్దం గూడ గాదు."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఎంతో హాయిగా అనిపించింది, ఆ పేరు పలకడం నాకూ చేతకావడం లేదు. నిమ్మేనని లోపలికి పోయి చెబితే అవ్వ మొహం విచ్చుకుంది. "నేను జెప్పలేదా?" అంది.

అవ్వను కామారెడ్డిలో మా ఇంటికే తెచ్చుకున్నాను. పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్ పోవడం, దినమంతా సెలైన్ కింద కూర్చోవడం, పొద్దు గూకేలోపు తిరిగి రావడం మాకు అలవాటయింది. వెంట్రుకలు ఊడితే సూదుల వేడి అనుకుంది. పక్క మంచం ఆమెతో "మొండి నిమ్మమ్మా ఇది" అని తన కష్టం చెప్పుకుంది. రెండోసారి మందు ఎక్కాక నోరంతా పుండ్లు పడింది. మంచుముక్కలు చప్పరించమనీ, ఇంట్లో తోడేసిన పెరుగు చల్లగా తినమనీ, నీళ్లు బాగా తాగమనీ నర్సు చెప్పింది.

నిమ్ముకు పెరుగా? అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఆ పోరికి నిమ్మంటే ఏం ఎర్క? సల్లటిది తాకితే పానం తీస్తది," అంది. ఇక ఎవరు చెప్పినా వినలేదు. మండుటెండల్లో ఫ్యాన్ ఆపించి, చెవుల్లో దూది పెట్టుకుని, చెద్దరు కప్పుకుని, కాగిన నీళ్లు, జావలాంటి వేడి గట్క తప్ప ముట్టనంది. అవేమో పుండ్ల మీద నిప్పులు. గుటక వేస్తే కళ్ల వెంట నీళ్లు కారేవి. నాలుగు గుటకలకే గిన్నె పక్కకు నెట్టేది. మమ్మల్ని ఎంత కట్టడిగా పెంచిందో అంత కట్టడిగా తన పత్యం తను చేసింది. మూడోసారి పోతే డాక్టర్ బరువు చూసి, రక్తం చూసి, మందు ఎక్కించలేనన్నాడు. వారం టైమిచ్చాడు. తినకపోతే వైద్యమే ఆపేయాల్సి వస్తుందన్నాడు.

తిరుగు రైల్లో నా భుజానికి ఆనుకుని నిద్రపోతున్న ఆమెను చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది. జబ్బు తినే పని జబ్బు చేస్తోంది, తిండి మాత్రం మేం చెప్పిన మాటే దూరం చేస్తోంది. ఎల్లారెడ్డిలో ఉన్న సాయిలుకు ఫోన్ చేసి, చెప్పేస్తున్నానన్నాను. "నాతోని గాదక్కా, నువ్వే జెప్పు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పెరుగు గిన్నె తెచ్చి మంచం మీద ఆమె పక్కన పెట్టాను.

"అవ్వా, నీకు నిమ్ము గాదు."

ఒక చెవిలోంచి దూది తీసింది. "ఏందీ?"

"నిమ్ము గాదవ్వా. క్యాన్సర్."

రెండో చెవిలో దూదీ తీసింది. దాన్ని వేళ్ల మధ్య పెట్టి మెల్లగా చుట్టసాగింది, బీడీ చుట్టినట్టే. "సాయిలుకు ఎర్కనా?"

"ఎర్కనే."

"అందరికెర్క, నాకొక్కదానికే ఎర్క లేదన్నట్టు." దూది పక్కన పెట్టి మళ్లీ అడిగింది. "పోతదా?"

"మొత్తం పోదన్నరు. మందు పడితే కొన్ని దినాలు ఆగుతదట."

"ఎన్ని?"

"తెల్వదు."

ఏడుస్తుందేమోనని చూశాను. నేనే ఏడ్చాను. ఆమె గిన్నె వైపు చూసి, "మరి గిన్ని దినాలు నా పెరుగెవలు తిన్నరు?" అంది.

"నేనే తిన్న."

"దొంగదానా," అని చెంచా అందుకుంది. మొదటి చెంచా పుండ్ల మీద పడగానే కళ్లు మూసుకుని, అలాగే చాలాసేపు నోట్లో పట్టుకుంది. నేను లేచి ఫ్యాన్ వేశాను.

ఆ గిన్నె మొత్తం తిన్నది. వారం తర్వాత మందు ఎక్కించారు, ఆ తర్వాత కూడా ఎక్కిస్తున్నారు. గడ్డ ప్రస్తుతానికి పెరగలేదంటున్నారు. ఆ మాట పట్టుకునే మూడేసి వారాలు గడుపుతున్నాం.

ఇప్పుడు మళ్లీ వానలు. ఎల్లారెడ్డి ఇంటికి పెంకులు పోయి స్లాబు పడింది, గిన్నెలు పెట్టే పని లేదు. పొయ్యి పోయింది, మా వాడలో బీడీలు చుట్టే చేతులు పెద్దగా మిగల్లేదు. వాటికి నేనేం దిగులు పడను, ఆ పొగలో మళ్లీ కూర్చోమంటే కూర్చోను కూడా. మొన్న ఎల్లారెడ్డిలో నేను పాఠాలు చెప్పే బడి నుంచి వానలో తడిసి బస్సులో కామారెడ్డి వచ్చాను. రెండు రోజులుగా దగ్గు. అవ్వ తన మంచంలో పడుకుని వింటూనే ఉంది. ఇంత వయసొచ్చి, ఆమె గది ముందర నిలబడి కావాలనే కాస్త గట్టిగా దగ్గాను.

"పొద్దుగాల పోయి డాక్టర్‌కు సూపెట్టుకో బిడ్డా," అంది.

"ఏమైందంటవ్ అవ్వా?"

"నాకేం తెల్సు," అని గోడవైపు తిరిగింది. నేను దగ్గితే అదేమిటో అవ్వకు తెలియకపోవడం అదే మొదటిసారి.