నేను తుడిచేసిన మాట

తడి బండ మీద పాలిష్ మిషన్ తిరిగే చప్పుడు వింటే ఇప్పటికీ నా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోతుంది. తాండూరులో అలాంటి యూనిట్ పైఅంతస్తులోనే బస్వరాజ్ సారు మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేవారు. కందుల వ్యాపారుల ఇంట్లో పుట్టి, వద్దన్నా వినకుండా ఇటు వచ్చిన మనిషి. బండల కొలతలు లెక్కగట్టే మా ప్రోగ్రామ్‌లో చేసే ప్రతి మార్పూ, ఎందుకు చేశామో ఒక ముక్క వివరణతో, ఉమ్మడి చరిత్రలోకి ఎక్కేది. దాని పూర్తి నకలు ప్రతి లాప్‌టాప్‌లోనూ ఉండేది. ఏ గందరగోళం వచ్చినా సారుది ఒకటే వైద్యం: పాత నకలు తీసేసి కొత్తది దించుకోవడం. మాకూ అదే నేర్పారు.

నేను చేరి మూడు నెలలైంది. "నీ చరిత్ర మొత్తం చదివి, పనిల ఉంచుడా లేదా సోమవారం చెప్త" అన్నారొక శుక్రవారం. నా వివరణలన్నీ 'మళ్లీ తప్పు', 'ఇది నేను చేయలేదు', 'నేనే చేశాను' అనే రకం. ఆదివారం కూర్చుని ఆ నలభై ముక్కలనూ కలిపి ఒకే ఒక శుభ్రమైన మార్పుగా తిరగరాశాను. ఉమ్మడి చరిత్ర ఒప్పుకోకపోతే బలవంతంగా ఎక్కించాను. శనివారం సారు ఎక్కించిన పని నా నకలులో లేదు. నాది ఎక్కగానే అది పోయింది. ఆ సంగతి తెలియక నేను హాయిగా చాయ్ తాగాను.

సోమవారం సారు లాప్‌టాప్ తెరిచారు. ఆయన నకలుకూ ఉమ్మడి చరిత్రకూ పొంతన కుదరలేదు. అలవాటుగా పాత నకలు తీసేసి కొత్తది దించుకున్నారు. దాంతో ఆయన దగ్గర మిగిలిందీ పోయింది.

"శ్రీలతా, నా శనివారం పని ఏడికి వోయింది?"

నిజం చెప్పేశాను. సారు తిట్టలేదు. "ఇగ నసీర్ కాడనే ఉండాలె" అన్నారు. మా ముగ్గురిలో మూడోవాడు నసీర్, వికారాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసేవాడు. శనివారం సాయంత్రమే నకలు దించుకున్నాడు. కానీ సారు నేర్పిన వైద్యం పని ఉన్న రోజు లేవగానే చేస్తాడు, అదీ మా పరేషాన్. ఫోన్ వాళ్లమ్మ ఎత్తారు.

"అమ్మా, నసీర్‌ను జర లాప్‌టాప్ ముట్టనియ్యకుండ్రి."

"ఎందుకు సార్, కరెంటు కొడ్తదా?"

"కొడ్తది" అన్నారు సారు, రెప్ప వెయ్యకుండా.

"వాడింక లేవనే లేదు."

పదకొండింటికి తన మనిషి నిద్రపోతున్నాడని విని అంత సంతోషించిన యజమానిని నేను మళ్లీ చూడలేదు.

నమ్మకం కుదరక బస్సెక్కి వికారాబాద్ పోయాం. ఆవిడ లాప్‌టాప్‌ను చెక్క పీట మీద పెట్టి, రబ్బరు చెప్పులు వేసుకుని కాపలా కూర్చున్నారు. అందులో అంతా భద్రంగా ఉంది, నా నలభై తప్పులతో సహా. సారు వాటిని పైకి చదివి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. చివర్లో సారు శనివారం రాసిన వివరణ కనిపించింది. దాన్ని పైకి చదవకుండా తెర నావైపు తిప్పారు.

'బండ కొలతల కాడ నాకు సమజ్ గాలే. శ్రీలత తప్పుల వరుస చూసుకుంట చేస్తే కుదిరింది. ఆమెను పనిల ఉంచాలె.'

ఇప్పుడు సారు లేరు. నిన్న నేను 'మళ్లీ తప్పు, నాదే' అని రాసి, తుడవబోయి, అలాగే ఎక్కించాను.