పాయలు కలవకముందటి నీళ్లు

శామీర్‌పేట అవతల, మా ఆవిడ తల్లిగారి ఊరి వాగు రెండు పాయలుగా వచ్చి రోడ్డు వంతెనకు కాస్త ఎగువన కలిసేది. ఒక పాయ రాతిగుట్టల నుంచి ఇసుక మీదుగా జారి వచ్చేది. రెండోది చౌడు నేలలు, బోరునీళ్ల మళ్లు దాటి వచ్చేది. కంటికి రెండూ ఒకేలా తేటగా కనిపించేవి. పరీక్షిస్తేనే తేడా తెలిసేది. గుట్టపాయలో ఉప్పుల జాడ ఏదో కొంచెం, చౌడుపాయలో చాలా ఎక్కువ. కలిశాక ఆ నీళ్లు గుట్టను మరిచిపోయినట్టే ఉండేవి.

తొంభైల చివర నేను నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసేవాణ్ని. వాగులు తిరిగి సీసాలు నింపుకురావడం నా పని. పాయలు కలిసే చోట ఈ పాయలో ఒకటి, ఆ పాయలో ఒకటి, కలిసిన తర్వాత దిగువన ఒకటి పట్టాలి. అందులో ఎప్పుడూ తప్పలేదు.

ఆ వేసవిలో మేం సుచిత్ర చౌరస్తా దగ్గర అద్దెకుండేవాళ్లం. మా ఆవిడకు కొత్తగా నెల తప్పింది. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. ఒక పొద్దున అడిగింది.

"గటు దిక్కే పోతవు గదా. మా గుట్టపాయల చెలిమె నీళ్లు ఒక డబ్బ తెస్తవా? గా నీళ్లతోని పప్పు వండుకుంటే తింటనేమో."

చెలిమె అంటే పాయ ఇసుకలో చేత్తో తోడిన గుంట. చిన్నప్పుడు ఆమె అక్కడే బిందె నింపుకునేది. ఆ నీళ్లలో పప్పు వెన్నలా ఉడికేదని పెళ్లైన నాటి నుంచి చెప్పేది.

స్కూటర్‌కు డబ్బా కట్టుకుని వెళ్లాను. ఎండలో గట్ల మీద నడిచి గుట్టపాయ దాకా పోయి సీసా నింపాను. డబ్బా మాత్రం స్కూటర్ దగ్గరే వదిలేశాను. నిండినదాన్ని అంతదూరం మోయాలనిపించలేదు. తిరిగొచ్చి వంతెన కింద ముంచాను. అదే వాగు కదా అనుకున్నాను. కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మరునాడు పప్పు ఎంతసేపటికీ ఉడకలేదు. ఒక ముద్ద తిని కక్కుకుంది. పొట్లంలో మిగిలిన పప్పు పట్టుకుని కిరాణా కొట్టుకు బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. పాత సరుకు అంటగట్టావని కొట్టాయనను నిలదీసింది. ఆయన నవ్వాడు.

"అక్కా, గిదే పప్పు మా ఇంట్ల మెత్తగ ఉడుకుతాంది. ముందుగాల నీళ్లు చూస్కో."

"నీళ్లకు వంక పెట్టకు. మా తల్లిగారి వాగు నీళ్లు. మా ఆయనే తెచ్చిండు. ఆయన పనే నీళ్లు చూసుడు."

నేను బెల్లం దిమ్మల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన పప్పు మార్చి ఇచ్చాడు.

ఇంటి దారిలో చెప్పేశాను. ఆమె ఆగింది.

"సీసలకైతే నడిసినవు," అంది.

వెనక్కి వెళ్లి మార్చిన పప్పు తిరిగి ఇచ్చి వచ్చింది.

నేను మళ్లీ వెళ్లేలోపే వానలు పడ్డాయి. వాగు ఎర్రగా పారింది, చెలిమె పూడిపోయింది. అప్పటికి ఆమెకు అన్నం సయించసాగింది. నీళ్లు తేరుకోగానే తెస్తానంటే, "ఇగ ఎందుకు తియ్," అంది.

తర్వాత కొన్నేళ్లకు గుట్టపాయను పూడ్చి ప్లాట్లు చేశారు. అటు వెళ్లినప్పుడల్లా హద్దురాళ్ల మధ్య ఇసుక కోసం వెతుకుతాను. ఇంట్లోకి కావలసినవి, పిల్లకు కావలసినవి ఆమె అడుగుతూనే ఉంటుంది. తనకంటూ ఏదీ అడగదు. పొద్దున పనికి బయలుదేరేముందు, ఏమైనా అడుగుతుందేమోనని గుమ్మం దగ్గర కాసేపు నిలబడతాను.

"ఏమన్న మరిసినవా?" అంటుంది లోపలి నుంచి.