వదిన కషాయం, గుండె మాత్ర

సెలూన్ నడిపే ఆయన్ని వీధిలో అందరూ కత్తెరాయన అంటారు. పొద్దుటి నుంచి కుర్చీ చుట్టూ నిలబడి చేసే పని. సాయంత్రానికి మోకాళ్లు మొరాయించేవి, షట్టర్ దించడానికి వంగలేకపోయేవాడు. అది చూడలేక ఆయన వదిన ఒక చెట్టు బెరడు కషాయం కాచి పంపసాగింది. వాళ్ల పుట్టింట్లో నొప్పులకు అదే మందు. చేదుకి మొహం వంకర తిరిగేది గాని, పనిచేసింది. కొద్దిరోజులకే షట్టర్ తానే దించాడు.

"మా వదిన చేతిలో ఏదో ఉందండీ" అని గడ్డం గీయించుకునే ప్రతి ఒక్కరికీ చెప్పాడు. గొంతు మీద కత్తి ఉంది కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

ఒకరోజు బ్లేడు మారుస్తుంటే వేలు తెగింది. చిన్న గీతే. పటిక అద్దినా, గుడ్డ చుట్టినా నెత్తురు ఆగలేదు. ఈమధ్య ఒంటి మీద లేస్తున్న నీలం మచ్చలు ఆయనకి గుర్తొచ్చాయి. ఏదో పెద్ద జబ్బే అనుకున్నాడు. భార్య ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ కట్టు బిగించి, "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది.

"గుండెకి, నెత్తురు గడ్డకట్టకుండా ఒక మాత్ర. అంతేనమ్మా."

"మరి కషాయమో?" అంది భార్య.

"అది మందేంటే, బెరడు నీళ్లు."

"ఆ నీళ్లేగా నొప్పి తగ్గించింది? మందు కాకుండా ఎలా పోతుంది?" అంది డాక్టరమ్మ. రక్తపరీక్ష చూశాక నెమ్మదిగా చెప్పింది. "భయపడాల్సిన జబ్బేమీ లేదు. ఇలాంటి బెరళ్లు కొన్ని నెత్తుర్ని పలచన చేస్తాయి. మీ మాత్ర పనీ అదే. రెండూ కలిసి ఎక్కువైంది. కషాయం ఆపండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు మానొద్దు. మోకాళ్లకి కాపడం పెట్టుకోండి, ఎత్తు స్టూలు మీద కూర్చుని పని చేసుకోండి."

కత్తెరాయన బల్ల మీద కూలబడి, ఊపిరి వదిలి నవ్వాడు. "కషాయం సంగతి డాక్టరుకి ముందే చెప్తే మీ సొమ్మేం పోయింది?" అని విసుక్కుంటూనే భార్య కళ్లొత్తుకుంది.

అక్కడి నుంచి నేరుగా వదిన ఇంటికి వెళ్లారు. సంగతి విని ఆమె బిక్కచచ్చిపోయింది.

"నా చేత్తో నేనే విషం పోశానా మరిదీ?"

"విషమేంటి వదినా, నన్ను లేపి నడిపించావు. నా మాత్రకీ దానికీ పొత్తు కుదరలేదు, అంతే."

ఆమె ముక్కు చీదుకుని, "చేదు తప్పిందని లోపల సంబరంగా ఉందిలే నీకు" అంది.

"అబద్ధం ఎందుకు చెప్పాలి" అన్నాడాయన.

మచ్చలు ఒక్కొక్కటే వెలిసిపోయాయి. ఇప్పుడు నడుం నొప్పంటూ బెరడు అడగడానికి ఎవరొచ్చినా వదిన ముందు వాళ్ల మాత్రలేంటో అడుగుతుంది. ఏ మాత్రా లేదన్నా, డాక్టర్ని ఒక మాట అడిగి రమ్మని గుమ్మంలోంచే పంపేస్తుంది.