పెద్దత్త నమ్మని వెచ్చదనం

మా పెద్దత్త పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూసింది. ఆమె నాన్నకు అక్క. చిన్ననాడే భర్త పోతే కొండాపూర్‌లోని మా ఇంటికి వచ్చి, ఒక చిలుకల జంటనూ ఇంటెడు మనుషులనూ సమంగా అనుమానిస్తూ బతికింది.

రాత్రిళ్లు ఇళ్ల మీద పడి దోచుకుపోయిన గడబిడ రోజులు పోయినా, తలుపు తట్టినవాడి పేరడగకుండా గడియ తీసే ధైర్యం మా ఊరికి ఇంకా రాలేదు. పెద్దత్త అనుమానం అంతకంటే పాతది. చలికాలంలో అది రెట్టింపయ్యేది. పంజరానికి మూడు వైపులా గోనెపట్టా కప్పి, నాలుగో వైపు గాలికి వదిలేది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయని ఎవరు చెప్పినా తానే వేలు ముంచి చూసేది. చిలుకలు తిన్నాయంటే నమ్మక, గిన్నెలోకి ఊది, పొట్టు ఎగిరిపోయాక అడుగున ఏం మిగిలిందో చూసేది.

మీలో పక్షులను పెంచేవారికి ఆమె మాట ఒకటి చెబుతాను. “పిట్ట జబ్బును దాస్తది బిడ్డా. కిందపడ్డంకనే చెప్తది. గందుకే మంచిగున్నప్పుడే అనుమానం పెట్టుకోవాలె.”

నాకు కొత్త మాటలంటే ఆశ. ‘ఉబ్బరించుకోవడం’ ఆమె దగ్గరే దొరికింది. చలికి పిట్ట ఈకలు ఉబ్బరించుకుంటే ఫరవాలేదట. ఎండ వచ్చాక కూడా అట్లాగే కూర్చుంటేనే పరేషాన్ కావాలట.

పోయిన పుష్యమాసంలో చలి మరీ ముదిరిన ఒక రోజు, అమ్మ జాలిపడి పంజరం ఉన్న గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపూ కిటికీ మూసింది. బావి నుంచి వచ్చిన పెద్దత్త అన్నీ బార్లా తీసింది. ఆడచిలుక కర్ర మీద తూలుతోంది.

“ఏందే గీ పని? చంపుదామనుకున్నవా?”

“అయ్యో వదినె, వణుకుతుంటే చూడలేక పెట్టిన. పొగ సుత లేదు గద!”

“పొగుంటే ఎవరన్న పసిగడ్తరు. గీ బొగ్గు సెగ చప్పుడు లేకుంట ఊపిరి తీస్తది. దాన్నే నేను నమ్మ.”

నాన్న నవ్వాడు. “అక్కా, నిన్ను పోలీసు పటేలు చేస్తే ఊర్ల ఒక్క దొంగ మిగలడు.”

“ముందుగల నిన్నే పట్టిస్త. గింజల డబ్బ మూత తెరిచిపెట్టింది ఎవరు?”

అంటూనే చిలుకను అరచేతుల్లో పెట్టుకొని బయట ఎండలో కూర్చుంది. చాలాసేపటికి అది తల తిప్పింది. అప్పుడు గాని ఆమె అమ్మను మళ్లీ పలకరించలేదు.

ఈ ఏడు చలి మొదలైనప్పటి నుంచి ఆమె దగ్గు మా చెవిన పడలేదు. బావి దాకా పోయి దగ్గి వచ్చేదని నీళ్లకు వచ్చే ఆడవాళ్లు ఇప్పుడు చెబుతున్నారు. మొహం పాలిపోయిందేమని నాన్న అడిగితే, “నాకేమైంది తమ్మీ, గుండురాయి లెక్కున్న,” అనేది. అందరినీ అనుమానించిన మనిషిని మేము పూర్తిగా నమ్మాం. దవాఖానకు బండి కట్టేసరికి ఆలస్యమైపోయింది.

నిన్న ఎండెక్కినా ఆడచిలుక ఉబ్బరించుకొని కూర్చునే ఉంది. “ఆమె ఎంబడే పోతది, ఇడిచిపెట్టుండ్రి,” అన్నారు చుట్టాలు. ఎన్నడూ పంజరం ముట్టని నాన్న దాని ముందు చతికిలబడ్డాడు.

“ఏందే, నువ్వు సుత దాస్తున్నవా?” అంటూ చువ్వల మధ్య వేలు పెట్టాడు.

చిలుక ఒంటికంటితో అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత చటుక్కున కొరికింది. నెత్తురు చిమ్మింది. నాన్న వేలు వెనక్కి తీసుకోలేదు.