వంటింటి మైకు

మా అప్ప మొగుడు నరసన్నపేటలో టెంటుహౌసు నడుపుతాడు. అప్ప అంటే అక్క. పెళ్ళికీ ఆయన షామియానాయే, చావుకీ ఆయన షామియానాయే, ఎన్నికల మీటింగుకీ అదే షామియానా. మధ్యలో ఉతికిస్తాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆయన గోడౌనులో ఎర్ర వెల్వెట్ సింహాసనాలు, ఊరి భోజనాలకి సరిపడే గుండిగలు, మైకుసెట్లు, వీటితోపాటు ఒక నాటక సమాజం కూడా ఉంటుంది. సమాజం అంటే ముగ్గురు: బావ, మందుల షాపాయన, రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు. తెర సొంతం, మైకు సొంతం, కుర్చీలు సొంతం కాబట్టి నటన కూడా దానంతటదే సొంతమవుతుందని ముగ్గురికీ గట్టి నమ్మకం.

నేను వాళ్ళకి రెండు వీధుల అవతల ఉంటాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయిందని మా బంధువులు అనుకుంటారు. ఆగలేదు, బడి మారిందంతే. మా శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్కన నాటకాల బీరువా ఒకటి ఉంది. దాని తాళంచెవి ఎక్కడుందో లైబ్రేరియన్ గారికే గుర్తులేని రోజుల్లో నేను వెళ్ళి అడిగాను. పై అరలో మొదలుపెట్టి, కింది అరలో చెదలు తినగా మిగిలినవాటి దాకా వరసగా చదివాను. నాటకంలో బీజం ఎక్కడ పడాలి, సంఘర్షణ ఎక్కడ పెరగాలి, పాత్ర ఎందుకు లోపలికి వస్తుంది, ఎందుకు వెళ్ళిపోతుంది, అన్నీ చెప్పగలను. ఈ ఊళ్ళో ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే లైబ్రరీకి మాత్రం రారు.

నాకు కావలసింది ఒక్కటే. చిన్నప్పుడు మా నాన్న నన్ను నాటికల పోటీలకి తీసుకెళ్ళేవాడు. తెర లేచే ముందు మైకులో ఒక గొంతు "రచన..." అని కాస్త ఆగి, తరవాత పేరు చెప్పేది. ఆ ఆగిన చోట ఒకరోజు నా పేరు పడాలి. అంతకుమించి ఏమీ వద్దు. షీల్డు ఇస్తే వద్దంటానని కాదు.

ఒకరోజు బావ ఫోనుకి వాట్సాప్‌లో ప్రకటన వచ్చింది. బొబ్బిలిలో నాటికల పోటీలు. నాటిక కొత్తదై ఉండాలి, ఇదివరకు ఎక్కడా ఆడి ఉండకూడదు, గంట దాటకూడదు. ముందు పరిశీలకులు మన ఊళ్ళోకే వచ్చి నాటిక చూసి, నచ్చితే పోటీకి తీసుకుంటారు. నా దగ్గర నాటిక సిద్ధంగానే ఉంది. పేరు "ప్రెసిడెంటు గారు లోపలున్నారు".

కథ సులువే. ఆడవాళ్ళకి రిజర్వయిన పంచాయతీలో ఒకావిడ సర్పంచ్‌గా గెలుస్తుంది. మా వైపు సర్పంచ్‌ని ప్రెసిడెంటు అనే అంటారు. గెలిచిన మర్నాటి నుంచి ఆవిడ మొగుడు, మరిది, ఊరి కాంట్రాక్టరు అరుగు మీద కూర్చుని పంచాయతీ నడుపుతుంటారు. ఎవరొచ్చి అడిగినా "ప్రెసిడెంటు గారు లోపలున్నారు" అంటారు. చివరికి ఆవిడ బయటికొచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంది. పేజీన్నర మాట్లాడుతుంది. ఆ పేజీన్నర కోసమే మిగతా నాటికంతా రాశాను.

బావ చదివి కళ్ళజోడు తీశాడు.

"బాగున్నాది గానీ మరదలా, ఇందులో ఎవులూ సచ్చిపోరేటి?"

"చావాలా?"

"ముసిల్తల్లి ఒకర్తి పోతే ప్రైజు గేరంటీ. లైట్లు డిమ్ము సేసి ఫ్లూటు ఎడతాం."

"నా నాటికలో ఎవరూ చావరు బావా."

"పోనీ మంచానైనా పడతాదేటి?"

పడదని గట్టిగా చెప్పాను. ఆ సంవత్సరం వెళ్ళిన నాటికల్లో తల్లి ఆరోగ్యంగా ఉన్నది మాదొక్కటే అయి ఉంటుంది.

తరవాత ప్రెసిడెంటు వేషం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. విజయనగరంలో ఒక ఆర్టిస్టు ఉన్నారు. మా చుట్టుపక్కల పోటీల్లో సగం భార్యలు, సగం తల్లులు ఆవిడే. బావ స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. అప్పటికే నాలుగు సమాజాలు ఆవిణ్ణి మాట్లాడేసుకున్నాయి.

"అయిదోది కూడా ఒప్పుకున్నాననుకో బాబూ, ఏ నాటికలో ఏ మొగుణ్ణి తిట్టాలో మర్సిపోతాను," అందావిడ.

అయితే నేనే వేస్తానన్నాను. గోడౌనులో నిలబెట్టి ప్రసంగం చెప్పించారు. నేను చెప్పాను. కండక్టరు గారు నేల చూశారు. మందుల షాపాయన ఫోను చూసుకున్నాడు. బావ మాత్రం నిజం చెప్పాడు.

"రేడియోలో పంటల ధరలు సదివినట్టున్నాది. నీకు రాయడవే మంచిది తల్లీ."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆయన చెప్పింది కూడా అబద్ధం కాదు.

అక్కడి నుంచి మా ప్రెసిడెంటు చిక్కిపోవడం మొదలయింది. ముందు ఆవిడ స్టేజీ మీదికి రాదు, లోపలి నుంచి గొంతు వినిపిస్తుంది అన్నారు. సరే అనుకున్నాను. తరవాత నాటిక గంట దాటుతోందన్నారు. దాటినదంతా ఆవిడ వాటాలోంచే కోశారు. అరుగు మీద ముగ్గురూ బీడీ పంచుకునే దృశ్యం మాత్రం అక్షరం పోకుండా ఉంది, ఎందుకంటే కండక్టరు గారు దాన్ని బాగా చేస్తున్నారట. గొంతు పోయి రెండు మాటలయింది. రెండు మాటలు పోయి దగ్గు అయింది. దగ్గితే ఆవిడకి జబ్బనుకుంటారని అదీ తీసేశారు.

"మరేటి మిగిలింది?" అంది మా అప్ప. టీ గ్లాసులు పట్టుకొచ్చి అక్కడే నిలబడి వింటోంది.

"గిన్నెలు," అన్నాడు బావ. "లోపల గిన్నెల సప్పుడు వస్తాది. ఆవిడ ఉన్నాదని జనానికి తెలిసిపోతాది."

"బావా, ఈ నాటిక దేని గురించి?" అనడిగాను.

"పెసిడెంటు గురించి."

"ఆ ప్రెసిడెంటు ఏది?"

"లోపలున్నాది. నువ్వెట్టిన పేరే అది కదేటే!"

మా అప్ప నవ్వాపుకోలేక గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. నేను నా రాతప్రతి లాక్కుని ఇంటికెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. నాకు ఇంకో సమాజం లేదు, మైకులో ఆ ఖాళీ నింపడానికి ఇంకో దారీ లేదు. బావకి ఆ సంగతి బాగా తెలుసు.

గిన్నెల పని నాకూ అప్పకీ అప్పగించారు. టెంటుహౌసులో చిన్న గిన్నెలుండవు. ముగ్గురున్న కాపురానికి మేం వాయించినవి పెళ్ళి గుండిగలు. గంటెతో ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు, గుండిగ నేల మీద ఈడిస్తే కోపం. నా పేజీన్నర ప్రసంగం బదులు చివర్లో పెద్ద మూత ఎత్తి పడెయ్యాలి. చప్పుడు వెనక వరసకి చేరదని బావ మా పక్కన ఒక మైకు కూడా పెట్టించాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాలుగు రోజుల్లో నాకది సరదా అయిపోయింది. మరిది పాత్ర అబద్ధమాడిన ప్రతిసారీ నేను గంటెతో చిన్న దెబ్బ వేసేదాన్ని. మందుల షాపాయన ఉలిక్కిపడి డైలాగు మరిచిపోయేవాడు.

పరిశీలకులు ఒక మధ్యాహ్నం వచ్చారు. ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన మాట్లాడతాడు, ఇంకొకాయన తలూపుతాడు. గోడౌనులో వాళ్ళని కూర్చోబెట్టడానికి వెల్వెట్ సింహాసనాలు తప్ప దుమ్ములేని కుర్చీలు దొరకలేదు. ఇద్దరూ పక్కపక్కనే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురులా కూర్చున్నారు. మేకప్ లేదు, లైట్లు లేవు. దుప్పటి తెర వెనక నేనూ, అప్పా, మూడు గుండిగలూ.

మాట్లాడే ఆయన మొదలుపెట్టే ముందే అడిగాడు.

"రచన ఎవరిదండీ?"

నేను దుప్పటి వెనక నిటారుగా కూర్చున్నాను.

"మనదేనండి," అన్నాడు బావ. "అందరం కూకుని రాసుకున్నాం."

అప్ప నా మొహం చూసి, "ఒసే, మూత ఇప్పుడే ఇసిరీకు," అని గొణిగింది.

నాటిక నడిచింది. నేను కొట్టవలసిన చోటల్లా కొట్టాను. బీడీ దృశ్యంలో కండక్టరు గారు నిజంగానే బాగా చేశారు, ఒప్పుకోక తప్పదు. చివరికి వచ్చింది. మొగుడి వేషంలో బావ తలుపువైపు తిరిగి, "ఏటే, సంతకం ఎట్టడానికి వస్తన్నావా, లేదా?" అని గద్దించాడు. ఇప్పుడు మూత పడాలి.

నేను గంటె కింద పెట్టాను. మూత అప్ప చేతిలోంచి తీసుకుని చప్పుడు కాకుండా షామియానా గుడ్డల మీద పడుకోబెట్టాను. తరవాత చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఇందులో కళ ఏమీ లేదు. వట్టి ఒళ్ళుమంట.

"ఏటే, నీకే సెప్తన్నాను!" అన్నాడు బావ.

ఏమీ లేదు.

"ఒసే పెసిడెంటూ!"

ఏమీ లేదు. మందుల షాపాయన తడుముకుని, "వదినా, కనీసం టీ అయినా..." అన్నాడు. అది నాటికలో లేదు. కండక్టరు గారు లేచి దుప్పటి దాకా వచ్చి, చెవిపెట్టి విని, వెనక్కి తిరిగి "సప్పుడు లేదు" అన్నారు. అది అసలే లేదు.

"పోనీ నానే ఎడతాను టీ," అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ. రెండడుగులు వేసి ఆగిపోయాడు. "పంచదార ఎక్కడుంటాదిరా?"

ఎవరికీ తెలియదు. ముగ్గురు మగవాళ్ళు ఖాళీ అరుగు మీద నిలబడి నిశ్శబ్దంగా ఉన్న వంటింటి వైపు చూస్తూ ఉండిపోయారు. సింహాసనాల మీద ఇద్దరూ చప్పట్లు కొట్టారు. తలూపే ఆయన కూడా మొదటిసారి నోరు విప్పి "అబ్బా" అన్నాడు.

"ఆ ముగింపు ఎంత బాగా రాశారండీ!" అన్నాడు మాట్లాడే ఆయన.

"డైరెక్షనండి," అన్నాడు బావ.

వాళ్ళు వెళ్ళాక గోడౌనులో కాసేపు గుండిగలు అవసరం లేకుండానే చప్పుడయింది. మా అప్ప కూడా నా వైపే మాట్లాడింది. బావ రెండు చేతులూ ఎత్తేశాడు.

"తప్పయింది మరదలా. సెలెట్టవనీ. బొబ్బిలి మైకులో నీ పేరు సెప్పించకపోతే నన్నడుగు. మీ అప్ప మీద ఒట్టు."

"నీ మీద ఎట్టుకో ఒట్టు," అంది అప్ప.

సెలెక్టయింది. ముగింపు మార్చవద్దని కూడా రాశారు. లైబ్రరీకి వెళ్ళి నాటకాల బీరువా ముందు నిలబడ్డాను. అందులో ఒక్క పుస్తకమైనా ప్రధానపాత్రకి మాటలు తీసెయ్యమని చెప్పలేదు. నా పేజీన్నర ఇప్పటికీ నా దగ్గరుంది. ఇప్పుడు చదివితే కొంచెం పొడుగే అనిపిస్తుంది, ఎవరికీ చెప్పకండి.

లారీలో గుండిగలతో సహా బొబ్బిలి వెళ్ళాం. మాది మొదటి నాటిక, సాయంత్రం ఎండ పూర్తిగా తగ్గకముందే. జనం ఇంకా కుర్చీలు లాక్కుంటున్నారు. నేను తెర వెనక నా చోట్లో కూర్చున్నాను. పక్కన మైకు, దాని మీద ఎర్ర దీపం వెలుగుతోంది. వేదిక మీద గొంతు మొదలుపెట్టింది. నాటిక పేరు చెప్పింది, సమాజం పేరు చెప్పింది, "రచన..." అని ఆగింది. నా చిన్నప్పటి ఆగడమే, అంతే పొడుగు.

"...దర్శకుల వారి మరదలు గారు."

అప్ప నుదురు కొట్టుకుంది. బావ చీటీలో రాసిచ్చింది అదేనట. పాపం, మోసం చేద్దామని కాదు. ఇన్నేళ్ళూ మరదలా, గుంటా, పిల్లా అని పిలిచాడే గానీ నా అసలు పేరు ఆయనకి తెలియదు. అడగడానికి సిగ్గేసిందట.

ప్రెసిడెంటు గారు లోపల ఉండటం అంతకుముందు నెలంతా నేనే రిహార్సల్ చేశాను కదా. ఇప్పుడు లోపల నేనున్నాను, నా ముందు మైకుంది. వంగి, పంటల ధరలు చదివిన గొంతుతోనే, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను. "రాసింది నేను" అన్నాను. తరవాత గంటెతో గుండిగ మీద ఒకసారి కొట్టాను. మా భాషలో ఒకసారి అంటే ఔను.

కుర్చీలు లాక్కోవడం ఆగింది. తరవాత నవ్వులు, చప్పట్లు. వేదిక మీది గొంతు తడబడి నా పేరు మళ్ళీ చెప్పింది, ఈసారి సరిగ్గా. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. కావలసినవాళ్ళు బొబ్బిలిలో ఆ సాయంత్రం వచ్చినవాళ్ళని అడగవచ్చు.

షీల్డు రాలేదు. తల్లి చనిపోయిన నాటికకి వచ్చింది. ఆ తల్లి విజయనగరం ఆవిడే, చాలా బాగా చనిపోయింది.

మర్నాడు పొద్దున లారీకి గుండిగలు ఎక్కిస్తుంటే బావ నా పక్కకి వచ్చి కాసేపు తాళ్ళు సర్దుతున్నట్టు నటించాడు. స్టేజీ మీదకంటే అదే బాగా చేశాడు.

"మరదలా, నీ పేరు బాగున్నాదే. ఎప్పుడెట్టారు?"

"పుట్టినప్పుడేనయ్యా," అంది లారీ మీంచి అప్ప. "ఆ మూత ఇలాగియ్యి."