రెండు కోర్టుహౌస్‌ల కౌంటీలో మా ముహూర్తం

గడియారం ఉన్న కోర్టుహౌస్‌లోనే పెళ్లి చేసుకోవాలన్నది నా పిచ్చి. కిందటి శరత్కాలంలో మేముండే బెంటన్‌విల్ నుంచి తూర్పుగా కొండల్లోకి షికారు వెళ్లినప్పుడు, ఎర్రబారిన చెట్ల మీదుగా ఒక కోర్టుహౌస్ తెల్లటి గోపురం, దాని మీద గడియారం కనిపించాయి. అప్పటినుంచి అవి నా కలల్లోకి వస్తూనే ఉన్నాయి. నేను చేసుకోబోయే కిరణ్ నవ్వాడు గానీ కాదనలేదు. అమ్మ మాత్రం ఫోన్‌లో గట్టిగా చెప్పింది. "ఎక్కడైనా చేసుకోండి, పంతులుగారు పెట్టిన ముహూర్తం దాటకూడదు. మధ్యాహ్నమైతే మూఢం వచ్చేస్తుంది. మళ్లీ రెండు నెలలు ఆగాల్సిందే."

ఉదయం ఏడింటికి బయల్దేరాం. గంటన్నర దారి. రాత్రంతా వాన పడింది, లోయలన్నీ పొగమంచుతో నిండి ఉన్నాయి. కొండ మలుపుల్లో ఒక ఆవు, ఒక గడ్డి చుట్ట, ఒక చిన్న చర్చి కనిపించి మళ్లీ మంచులోకి వెళ్లిపోయేవి. పట్టుచీర ఒళ్లో సర్దుకుంటూ, ఇదంతా నిజంగానే జరుగుతోందా అనుకున్నాను.

జిల్లా లాంటి ఆ కౌంటీ పేరు, పక్కన కోర్టుహౌస్ అని ఫోన్‌ మ్యాప్‌లో కొట్టి ఊరుకోవడమే నా తప్పు. అది మమ్మల్ని ఇటుకల డబ్బాలాంటి భవనం ముందు దించింది. గోపురం లేదు, గడియారం లేదు.

"మాకు రెండున్నాయమ్మా. మీరడిగేది నదికి అవతల ఉంది" అంది కౌంటర్లో ఉన్న క్లర్కమ్మ. "పాతకాలంలో నది పొంగితే ఇటువాళ్లు అటు పోలేకపోయేవారు. పన్నులు, భూముల పనులు, కేసులు అన్నీ ఆగిపోయేవి. అందుకే ఒడ్డుకొకటి కట్టారు."

"మరి ఇప్పుడు వెళ్లొచ్చా?"

"ఇవాళా పొంగింది. వంతెన మూసేశారు. చుట్టు తిరిగి వెళ్తే మధ్యాహ్నం దాటుతుంది."

ఫోన్‌లో ముందే మాట్లాడుకున్న, మాకు పెళ్లి చేస్తానన్న పెద్దమనిషి అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్నాడు.

"నీ గడియారం మోజు కొంప ముంచింది కదా తల్లీ!" అన్నాడు కిరణ్. నాకు ఏడుపొచ్చింది.

క్లర్కమ్మ మాత్రం తొణకలేదు. పాస్‌పోర్టులు చూసి, అరవై డాలర్ల దాకా తీసుకుని, అక్కడికక్కడే పెళ్లి లైసెన్స్ ఇచ్చింది. తర్వాత ఎవరికో ఫోన్ చేసింది. కాసేపటికి మోకాళ్లదాకా బురద బూట్లతో ఒకాయన వచ్చాడు. కౌంటీ జడ్జి! ఇక్కడ ఆ పదవిలో ఉన్నాయన ముఖ్యమైన పని రోడ్లు, వంతెనలు, బడ్జెట్ చూసుకోవడమట. పెళ్లిళ్లు కూడా చేయొచ్చట.

"వంతెన మూసింది నేనే. కనీసం పెళ్లయినా చేయనివ్వండి" అన్నాడాయన.

ముహూర్తానికి ఇంకా టైముంది. పసుపుకొమ్ము కట్టిన దారం చూపిస్తే, "ముందు మీ పద్ధతి కానివ్వండి" అని టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. కిరణ్ ముడులు వేశాడు. మేము తెచ్చుకున్న అక్షింతలు క్లర్కమ్మ మా మీద చల్లింది. వీడియో కాల్‌లో అమ్మ గట్టిగా ఏడ్చేసింది. ఆ తర్వాత ఆయన అడిగినవాటికి ఇద్దరం ఔనన్నాం.

సాయంత్రం చుట్టుదారిన అవతలి ఒడ్డుకు వెళ్లి నా గోపురం చూశాం. పసుపు వెలుగులో అచ్చం కలలోలాగే ఉంది. గడియారం ఆగిపోయి ఎన్నాళ్లయిందో! నాకేమీ బాధ కలగలేదు. నది దాటలేని వాళ్ల పని ఆగకూడదని ఎవరో ఎప్పుడో కట్టించిన ఆ ఇటుకల డబ్బా మీదే ప్రేమ పొంగింది. అది కట్టించినవాళ్ల లెక్కలో మేమూ ఉన్నామనిపించింది.

అటు వెళ్లేవాళ్లకు ఒకే సలహా: బయల్దేరేముందు ఫోన్ చేసి, మీకు కావలసిన కోర్టుహౌస్ ఏ ఒడ్డున ఉందో, నది ఎలా ఉందో కనుక్కోండి. మర్చిపోయారా, ఉన్న ఒడ్డునే పెళ్లి చేసేసుకోండి.